హినో ప్రొఫియా హైబ్రిడ్: ఎత్తుపల్లాల దారి ఉంటేనే కొనండి

జపాన్‌లో ఫ్రీజర్ సరుకు మోసే లారీల డీజిల్ లెక్కలు చూడటం నా పని. పెద్ద లారీల్లో హైబ్రిడ్ (డీజిల్ ఇంజన్‌కు తోడు బ్యాటరీ, మోటారు ఉండే బండి) పనికొస్తుందా అని మనవాళ్లు అడుగుతూనే ఉంటారు, అందుకే జపాన్ లారీల కంపెనీ హినో తెచ్చిన ఈ ప్రొఫియా హైబ్రిడ్ గురించి కాస్త వివరంగా రాస్తున్నా. 2019లో వచ్చింది, లోడుతో కలిపి 25 టన్నుల తరగతి. మామూలు ప్రొఫియా కంటే మైలేజీ 15 శాతం దాకా ఎక్కువ వస్తుందని కంపెనీ చెప్పింది.

దారిలో ఎత్తుపల్లాలు ఉంటే ఆదా నిజంగానే ఉంటుంది. చదునైన రోడ్డు మీద ఒకే స్పీడుతో గంటల తరబడి పోయే బండికి మాత్రం ఈ డబ్బు పెట్టొద్దు.

సిటీ బస్సులాగా లారీ మాటిమాటికీ ఆగదు కదా, ఇంక బ్యాటరీ నిండేదెలా అని అందరికీ వచ్చే అనుమానమే. నిండేది దిగుడులో. 25 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే అందులో దాదాపు 6.8 యూనిట్ల కరెంటుకు సరిపడా శక్తి ఉంటుంది, గాలికీ టైర్లకీ పోయింది పోగా మిగిలినదంతా మామూలు లారీలో బ్రేకుల దగ్గర వేడిగా మారి వృథా అవుతుంది. ఇందులో మోటారే జనరేటర్‌గా మారి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది, తర్వాతి ఎక్కుడులో ఇంజన్‌కు సాయం పడుతుంది. టోక్యో నుంచి నగోయా పోయే తోమే హైవే గొతెంబా దగ్గర 454 మీటర్ల దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది, ఇలాంటి దారి ఈ బండికి సరిగ్గా సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ముందుచూపు. బ్యాటరీ చిన్నది, కొండ మీదికి చేరేసరికే అది నిండి ఉంటే దిగుడులో వచ్చేదంతా దండగ. అందుకే మ్యాపు చూసి 100 కిలోమీటర్ల ముందున్న ఎత్తుపల్లాలు కూడా లెక్కేసుకుని, ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎక్కడ దాచాలో బండే నిర్ణయించుకుంటుంది. డ్రైవర్ ఏమీ నొక్కక్కర్లేదు. మన ఘాట్ రోడ్లలో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి దించేవాళ్లను చూస్తే భయమేస్తుంది, ఇక్కడ ఆ ఆదా బండి గేరులో ఉండగానే, మోటారు పట్టి ఆపుతుండగానే వస్తుంది. అందుకే ఈ టెక్నాలజీ మన కొండదారుల లారీలకూ రావాలని గట్టిగా కోరుకుంటున్నా.

బ్యాటరీ, మోటారు బరువు ఎంతో కొంత లోడులోంచే పోతుంది. టన్నుల లెక్కన కిరాయి తీసుకునేవాళ్లు అది చూసుకోవాలి.

ఇంకో పెద్ద విషయం, 2022 మార్చిలో హినో కంపెనీయే కొన్ని ఇంజన్ల పొగ, మైలేజీ పరీక్షల లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకుంది, ప్రొఫియాలో వాడే ఏ09సీ ఇంజన్ కూడా అందులో ఉంది. కాబట్టి బ్రోచర్‌లో అంకె చూసి సంతకం పెట్టకండి. మీ దారిలో, మీ లోడుతో, పక్కన మామూలు లారీని కూడా నడిపించి ట్యాంకు నింపిన బిల్లులు పోల్చండి, ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి.