లోపలి టెంప్లేటుకు డేటా: డిక్టా, స్ట్రక్టా?

కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరల వెబ్ పేజీని గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నామనుకోండి. ఒక్కో లాటును చూపే లోపలి టెంప్లేటుకు (పెద్ద పేజీ అచ్చులో ఇమిడే చిన్న అచ్చుకు) లాటు వివరాలతో పాటు ఆనాటి తేదీ కూడా కావాలి. చిక్కేమిటంటే, టెంప్లేటును పిలిచేటప్పుడు గో ఒకే ఒక్క విలువను పంపనిస్తుంది. బయటి టెంప్లేటులో మొత్తం డేటాను సూచించే డాలర్ గుర్తు ($) కూడా అదే అర్థంతో లోపలికి రాదు. అక్కడ అది మనం పంపిన విలువనే సూచిస్తుంది.

డిక్ట్ అనే చిన్న ఫంక్షన్ రాసుకుని, పేరు-విలువ జతలను మూటగట్టి పంపవచ్చు. గోతో రాసిన వెబ్‌సైట్ల తయారీ సాధనం హ్యూగోలో అది ముందే ఉంటుంది. కానీ 'ధర'ను 'దర' అని రాస్తే, మామూలు అమరికలో గో నోరు మెదపదు. హెచ్‌టీఎంఎల్ పేజీలో ధర గడి ఖాళీగా వెళ్తుంది. రైతు చూసే పేజీలో అది చిన్న తప్పు కాదు! స్ట్రక్ట్, అంటే ఏయే పేర్లు ఉంటాయో ముందే ఖరారు చేసిన డేటా మూట, పంపితే ఇదే పొరపాటుకు టెంప్లేటు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. రాత ఎక్కువైనా ధరలకు నేను స్ట్రక్టే వాడతాను. శీర్షికలు, బటన్లకు డిక్ట్ చాలు.