పార్క్‌లేన్‌లో ఐమాక్ హార్డ్ డిస్క్ మార్పించుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) రెండుసార్లు తిరిగినవాళ్ళకి ఎవడో అర్థమైపోతుంది.

నాది 2017 ఐమాక్ (ఆపిల్ డెస్క్‌టాప్ కంప్యూటర్), స్క్రీన్ 21.5 అంగుళాలది. లోపల ఉన్నది నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఒక టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి అన్నం తినొచ్చినా ఐకాన్ ఎగురుతూనే ఉండేది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేసి, పాత డేటా కాపీ చేసి, అంతా కలిపి ఎనిమిదిన్నర వేలన్నాడు. "గంటన్నర పడ్తది, చాయ్ తాగి రా అన్నా" అన్నాడు. నేనూ బుద్ధిమంతుడిలా డబ్బులు ముందే ఫోన్‌పే కొట్టి, ప్యారడైజ్ దాకా వెళ్ళి ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు లాగించి వచ్చాను. ఎనిమిదిన్నర వేలు పెట్టి చాయ్ తాగినవాణ్ణి సికింద్రాబాద్ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వచ్చేసరికి సిస్టమ్ చకచకా ఓపెనవుతోంది. డెస్క్‌టాప్ మాత్రం ఖాళీ. నా ఫైళ్ళేవి?

"బ్యాడ్ సెక్టర్లున్నయ్ అన్నా, కాపీ కాలే."

సరే, నా పాత డిస్క్ ఇచ్చెయ్ అన్నాను. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "పాతది ఏం జేస్కుంటవ్? స్క్రాప్‌ల పోయింది." గంటన్నరలో స్క్రాప్‌లోకా? గొంతు పెంచాను. పక్క షాపులవాళ్ళు తొంగి చూస్తున్నారని కాబోలు, కౌంటర్ కింద నుంచి ఒక ప్లాస్టిక్ ట్రే లాగి, అందులోంచి ఒక డిస్క్ తీసి, దుమ్ము చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టాడు. "ఇదే నీది. తీస్కపో."

అది ఇటుకంత ఉంది! మూడున్నర అంగుళాల డిస్క్. 21.5 ఐమాక్‌లో ఉండేది రెండున్నర అంగుళాలది, ల్యాప్‌టాప్‌లో వేసే సైజు. ఆ మాటే అంటే నవ్వాడండీ. "నీకన్ని తెలిస్తే నువ్వే ఇప్పుకోవాల్సింది" అన్నాడు. ఎనిమిదిన్నర వేలు పోయినందుకు కాదు, నిద్ర పట్టనివ్వనిది ఆ నవ్వు.

ఇంటికొచ్చాక మిగతా వైభవం బయటపడింది. స్క్రీన్ పై మూల లేచి ఉంది. ఈ మోడల్‌లో స్క్రీన్‌కి స్క్రూలుండవు, చుట్టూ జిగురు పట్టీలతో అంటించి ఉంటుంది. ఒకసారి కోసి తీస్తే కొత్త పట్టీల సెట్ వేయాలి. ఈ మహానుభావుడు మామూలు డబుల్ టేప్ వేశాడు. ప్రస్తుతం మా ఇంటి ప్యాకింగ్ టేపు దాన్ని కాపాడుతోంది. "సీల్డ్ పీస్" అన్న ఎస్‌ఎస్‌డీని మా మేనల్లుడు స్మార్ట్‌మాన్‌టూల్స్ అని, డిస్క్ ఎంత వాడారో చెప్పే సాఫ్ట్‌వేర్‌తో చూస్తే 11,240 గంటలు నడిచినట్టు చూపించింది. అంటే ఏడాది పైన మూడు నెలలు, పగలూ రాత్రీ. మ్యాక్‌తో పాటే వచ్చే డిస్క్ యుటిలిటీలో మాత్రం "వెరిఫైడ్" అనే ఉంటుంది, అది చూసి మురిసిపోకండి.

మా మేనల్లుడే ఇంకో మాటన్నాడు. స్క్రీన్ విప్పాల్సిన పనే లేదట. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని వెనక గుచ్చి, మ్యాక్ ఓఎస్ దాంట్లో వేసుకుంటే సరిపోయేదట. ముందే ఫోన్ చేసి అడగొచ్చు కదా నేను? అడగలేదు. బ్యాకప్ తీసుకున్నది కూడా సంక్రాంతికి ముందు. ఆ తర్వాత తీసిన పాప అన్నప్రాశన ఫొటోలు, మా నాన్న పెన్షన్ కాగితాల స్కాన్లు, అన్నీ ఆ డిస్క్‌లోనే.

తప్పదు, అక్కడికే వెళ్తామంటే ఎదురుగా కూర్చోండి. పాత డిస్క్ బయటికి తీయగానే లేబుల్ మీద సీరియల్ నంబర్ ఫొటో తీసి, ఆ డిస్క్‌ని జేబులో వేసుకోండి. కొత్త ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూశాకే డబ్బులు.

షాపువాడిచ్చిన ఆ ఇటుక డిస్క్‌ని డాక్‌లో (విడి డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టి చూశాం. ఎవరిదో పెళ్ళి. పెళ్ళికూతురు ఆకుపచ్చ అంచు పసుపు చీరలో ఉంది, తలంబ్రాల దగ్గర అందరూ నవ్వుతున్నారు. మీదే అయితే మెసేజ్ పెట్టండి, భద్రంగా ఉంచాను. మా పాప ఫొటోలు మీ దగ్గరకొచ్చి ఉంటే, దయచేసి ఫార్మాట్ కొట్టకండి.