అనంతపురం ఎండల్లో రైజెన్ 7 5700ఎక్స్: పాత బి450 బోర్డు మీద ఇన్నాళ్లూ వాడాక

పాత బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందాం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నా దగ్గర ఉన్నది బి450 బోర్డు, డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు. ముందు ఏఎండీ వాళ్ల రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉండేది, దాని మీదే పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైన్లు చేసేవాణ్ణి. దాన్ని తీసి రైజెన్ 7 5700ఎక్స్ పెట్టుకున్నా. ఎండాకాలాలూ పెళ్లిళ్ల సీజన్లూ దాటొచ్చాయి కాబట్టి ఇప్పుడు గట్టిగా చెప్పగలను, పెట్టిన ప్రతి రూపాయికీ పనిచేసింది. అయితే చిప్ ఎంత బాగుందో యూట్యూబ్‌లో చూసి, కొనేసి, ఆ తర్వాత బోర్డు సంగతి అడిగేవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తున్నారు. వెతుకులాట బోర్డు దగ్గర మొదలవ్వాలి.

బోర్డు మీద పేరు ప్రింట్ చేసి ఉంటుంది, దాని పక్కనో మూలనో చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ కూడా ఉంటుంది. ఆ రెండూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో అదే పేరు, అదే రివిజన్ పేజీ తెరిచి సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూడండి. ప్రతి ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. షాపులో కుర్రాడు "అన్నా, సాకెట్ ఒకటే కదా, కూర్చుంటుంది" అంటాడు. సాకెట్ అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, అందులో కూర్చోవడం వేరు, ఆన్ అవ్వడం వేరు. మా బంధువుల పిల్లాడు ఒకడు హెచ్110 బోర్డులో ఆరో తరం ఐ3 తీసి తొమ్మిదో తరం ఐ5 వేద్దామని వచ్చాడు. రెండిటికీ సాకెట్ 1151 అనే రాసి ఉంటుంది, కానీ ఎనిమిదో తరం నుంచి ఇంటెల్ 300 సిరీస్ బోర్డులు కావాలంది. కొనకముందే వచ్చాడు కాబట్టి సరిపోయింది. 1200 సాకెట్‌లోనూ ఇదే గోల, పదకొండో తరానికి హెచ్410, బి460 బోర్డుల్లో ఇంటెల్ సపోర్ట్ ఇవ్వలేదు.

ఏఎండీ వైపు ఈ విషయంలో అదృష్టవంతులం. బి450లో ఉండే ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది, 2018 నాటి బి450 మీద 2022లో వచ్చిన 5700ఎక్స్ నడుస్తోందంటే చిన్న విషయం కాదు. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి వెళ్తే బోర్డు మార్చాలి, డీడీఆర్5 తప్ప ఎక్కదు కాబట్టి ర్యామ్ కూడా మార్చాలి. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎంత పెరిగాయో కొన్నవాళ్లకి తెలుసు. రైజెన్ మొదటి తరం వాడుతూ విండోస్ 11 రాక ఆగిపోయినవాళ్లకి కూడా ఇదే దారి, ఆ చిప్‌లు మైక్రోసాఫ్ట్ లిస్టులో లేవు, 5000 సిరీస్ ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది కదా.

బయోస్ మాత్రం పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేసుకోవాలి. కొత్తది పెట్టేశాక స్క్రీన్ నల్లగా ఉంటే, బోర్డుకి ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్‌తో పనిలేకుండా బయోస్ ఎక్కించేది) లేకపోతే, మళ్లీ పాత ప్రాసెసర్ ఎక్కించడం తప్ప వేరే దారి లేదు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఫైల్ అందులో వేసుకోవాలి. కొన్ని బోర్డులకి నేరుగా చివరి వెర్షన్‌కి వెళ్లకూడదు, మధ్యలో ఒక వెర్షన్ ఆగి వెళ్లాలి, ఆ సంగతి డౌన్‌లోడ్ పక్కనే రాసి ఉంటుంది, చదవండి. ఇక కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎప్పుడు పోతుందో చెప్పలేం, అప్‌డేట్ సగంలో పోతే బోర్డే పోవచ్చు. ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు, మామూలు మోడ్‌లో ఉంటే అది అందుకునేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది, యూపీఎస్ మోడ్‌కి మార్చండి. నేనైతే విడిగా యూపీఎస్ తగిలించి, పొద్దున్నే చేసుకున్నా.

అనంతపురం, కడప, కర్నూలు వాళ్లు వాట్ల దగ్గర ఆగి ఆలోచించాలి. రివ్యూల్లో చూపించే టెంపరేచర్లు ఏసీ గదుల్లోవి. మన దగ్గర బయట 42 ఉంటుంది, పైకప్పు రేకులదైతే లోపల సంగతి చెప్పక్కర్లేదు. 5700ఎక్స్ మీద 65 వాట్లు అని ఉంటుంది, ఫుల్ లోడ్‌లో 76 దాకా తీసుకుంటుంది. 105 అని రాసిన 5800ఎక్స్ లాంటివి 142 దాకా పోతాయి. ఆ వేడి కూలర్‌కే కాదు, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎం భాగానికి కూడా తగులుతుంది, చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. 8 కోర్లు రెండిట్లోనూ ఉన్నాయి, నా పనిలో ఆ కాస్త స్పీడు తేడా కంటే మే నెల మధ్యాహ్నం ఆగకుండా నడవడమే నాకు ముఖ్యం. అందుకే 65 వాట్లదే తీసుకున్నా. 5700ఎక్స్‌కి గరిష్ఠ హద్దు 90 డిగ్రీలు. ఏసీ లేకుండా ఎండ మధ్యాహ్నం పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే 80 దాటుతుంది, హద్దు ముట్టుకోవడం నేను చూడలేదు. దుమ్ము ముందు ఫిల్టర్‌కి పట్టేస్తే మాత్రం వెంటనే తేడా తెలుస్తుంది, బ్లోయర్ తప్పనిసరి.

దీని బాక్సులో కూలర్ రాదు, ఇది చాలామంది చూసుకోరు. నేను ఒక టవర్ కూలర్ వేశాను. కొనేముందు క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్ పడుతుందో మిల్లీమీటర్లలో చూసుకోవాలి, ర్యామ్ మొదటి స్లాట్ మీదికి ఫ్యాన్ వస్తుందేమో కూడా. ఇంకో చిన్న సంగతి. కొన్ని ప్రాసెసర్లతో వచ్చే స్టాక్ కూలర్ బిగించేటప్పుడు సాకెట్‌కి రెండు వైపులా ఉండే ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పి పక్కన పడేస్తారు. క్లిప్పు టైపు కూలర్లు వాటికే తగులుకుంటాయి. ఆ రెండు ముక్కలూ, నాలుగు స్క్రూలూ బోర్డు బాక్సులోనే దాచుకోండి, లేకపోతే వాటికోసం సుభాష్ రోడ్ మొత్తం తిరగాల్సి వస్తుంది.

పాత ప్రాసెసర్ తీసేటప్పుడు ముందు కంప్యూటర్‌ని కాసేపు లోడ్‌లో నడిపి వేడెక్కనివ్వండి. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఏళ్ల తరబడి ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331, కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటే ఊడొస్తుంది. అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తర్వాతే ఎత్తాలి. కొత్తది పెట్టేటప్పుడు బంగారు రంగు త్రికోణం సాకెట్ మీద గుర్తుకి ఎదురుగా ఉండాలి, తనంతట తనే దిగాలి, వేలితో నొక్కకూడదు.

మొదటిసారి ఆన్ చేయగానే కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాలు దాచే భద్రతా భాగం) రీసెట్ చేయాలా అని నల్ల స్క్రీన్ మీద అడుగుతుంది. టెన్షన్ పడక్కర్లేదు, కానీ విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. అది లేకుండా అవును అని వై నొక్కితే డ్రైవ్ తెరుచుకోదు, కస్టమర్ల పెళ్లి ఫుటేజీ అందులో ఉంటే ఊహించుకోండి. తర్వాత బయోస్‌లో ర్యామ్ ఎక్స్ఎంపీ ప్రొఫైల్ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగు) మళ్లీ ఆన్ చేయాలి, అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ పోతాయి, 3200 ర్యామ్ కొని 2133లో నడుపుకునేవాళ్లు ఎంతమందో.

పనిలో ఏం మారిందంటే, టైమ్‌లైన్ మీద 4కే క్లిప్పులు మూడు పొరలు పెట్టినా ఇప్పుడు ప్లే అవుతున్నాయి, ఆల్బమ్ షీట్లు సేవ్ అవడం బాగా తొందరైంది, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా ఇంకో ఫైల్ తెరిచి పనిచేసుకోగలుగుతున్నా. ఎక్స్‌పోర్ట్ గ్రాఫిక్స్ కార్డు మీదే నడిపేవాళ్లకి ఆ ఒక్క టైమ్‌లో మాత్రం పెద్ద తేడా ఆశించవద్దు. బి450 కాబట్టి పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ తగిలే దారి) మూడో తరం దగ్గరే ఆగుతుంది, ప్రాసెసర్‌కి 4 వచ్చినా సరే, అందుకని జెన్4 ఎస్ఎస్‌డీకి అదనంగా డబ్బు పెట్టకండి.

గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లు 5700ఎక్స్ గానీ 5600 గానీ కొనవద్దు, వీటిలో స్క్రీన్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ లేదు. 5600జి లాంటి జి ఉన్నవే చూడాలి, వాటిలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) సగమే, 16 ఎంబీ. కార్డు ఉండి బడ్జెట్ తక్కువైతే 5600 చాలు, కూలర్ బాక్సులోనే వస్తుంది. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో సెకండ్ హ్యాండ్ తెచ్చుకునేవాళ్లు పిన్నులు వెలుతురులో వరసగా చూసుకోండి, రైజెన్ ప్రో అని ఉంటే బోర్డు మీద ఆన్ చేసి చూపించమనండి, బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల నుంచి తీసినవి కొన్ని ఆ కంపెనీ బోర్డుకే లాక్ అయి ఉంటాయి.