తిరుపతిలో పాత బీఎండబ్ల్యూ 320డి: పదకొండు నెలలు నడిపాక

2025 మార్చిలో బెంగళూరులో ఒక డాక్టరు గారి దగ్గర 2016 మోడల్ బీఎండబ్ల్యూ 320డి కొన్నాను. 13 లక్షల 40 వేలు పడింది. ఒకే ఓనరు, 71 వేల కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఇచ్చారు. 2026 జనవరిలో యూరప్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరి కార్ల దిగుమతి సుంకం తగ్గుతుందన్న వార్త వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: ఇప్పుడు పాత లగ్జరీ కారు కొనొచ్చా, లేక కొత్తవి సగం రేటుకు వచ్చేదాకా ఆగాలా? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా.

ముందు కారు సంగతి. 190 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, 8 స్పీడ్ ఆటోమేటిక్. ఈ గేర్‌బాక్స్ ఎంత బాగుందో చెప్పాలంటే తిరుమల ఎక్కాల్సిందే. అలిపిరి చెకింగ్ దాటి రెండో ఘాట్ ఎక్కేటప్పుడు ముందర బస్సు ఉన్నా, మలుపులో ఆగి మళ్లీ కదలాల్సి వచ్చినా, ఎక్కడా గుంజినట్టు ఉండదు. దిగేటప్పుడు ఇంకా నచ్చుతుంది. 1944 నాటి మొదటి ఘాట్ మీద మాన్యువల్‌లో రెండో గేరులో పెట్టేస్తే ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు పెట్టే పని తక్కువ. ఇంతకు ముందున్న కారులో కొండ దిగేసరికి బ్రేకు వాసన వచ్చేది, వెనక కూర్చున్న అమ్మకు ప్రతిసారీ కళ్లు తిరిగేవి. ఇప్పుడు కొండ మీద గోగర్భం దగ్గర ఎక్కి అలిపిరిలో దిగేదాకా హాయిగా నిద్రపోతోంది. నాకు ఈ కారు మీద ఇష్టం పెరిగింది అక్కడే.

చెన్నై హైవే మీద 18 దాకా మైలేజీ ఇస్తుంది, ఊళ్లో 12. నగరి దాటి తమిళనాడులో డీజిల్ కొట్టించుకోవడం మన జిల్లా వాళ్లందరికీ అలవాటే కాబట్టి ఆ ఖర్చు గురించి నాకు టెన్షన్ లేదు.

ఇబ్బంది పెట్టేది ఎత్తు. కారు బాగా కింద ఉంటుంది. మంగళం వైపు లోపలి వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్నవే. నలుగురు ఎక్కితే కింద తగులుతుంది, ఏటవాలుగా మెల్లగా దాటించాలి. స్టెప్నీ లేదు. రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పూర్తిగా పోయినా 80 వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. దసరా తర్వాత ఒక రాత్రి పదకొండు గంటలకు చెన్నై నుంచి వస్తుంటే నగరి దాటగానే మేకు దిగింది. పిల్లలు నిద్రపోతున్నారు. ఆగకుండా నెమ్మదిగా ఇంటికే వచ్చేశాం. ఆ రాత్రి ఆ టైరు విలువ తెలిసింది, పొద్దున కొత్తది కొన్నప్పుడు రేటూ తెలిసింది: 19,500.

ఇక బెంగళూరు బండి కొనేవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది కాగితాల పని. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, కారు వయసును బట్టి మన రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చట్ట ప్రకారం వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే. కర్ణాటక కేఏ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఈ ట్యాక్స్ కూడా కలుపుకొని చూసుకుంటేనే బెంగళూరు రేటు నిజంగా తక్కువో కాదో తెలుస్తుంది. ఇంకోటి, పాత కారు మీద 18 శాతం జీఎస్టీ అని భయపడుతుంటారు. అది డీలరుకు వచ్చే లాభం మీదే కానీ కారు మొత్తం ధర మీద కాదు. నాలాగా నేరుగా ఓనరు దగ్గర కొంటే అది కూడా ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మా బావ చిత్తూరులో ఉంటాడు, కొత్త బీఎండబ్ల్యూ కోసం ఆగి ఉన్నాడు. "110 శాతం సుంకం 10 శాతం అవుతుందంట కదా, 60 లక్షల కారు 30 లక్షలకు రాదా?" అని అడిగాడు. రాదు బావా. ఆ 110 శాతం పూర్తిగా తయారై ఓడలో దిగే కారు మీద. మనం రోడ్డు మీద చూసే బీఎండబ్ల్యూలు ఎక్కువ భాగం విడిభాగాలుగా వచ్చి చెన్నై దగ్గర బిగించినవే, ఆ ఫ్యాక్టరీ 2007 నుంచి నడుస్తోంది. మెర్సిడెస్ అయితే పుణె దగ్గర చాకన్‌లో బిగిస్తారు. అలా తెచ్చేవాటి మీద సుంకం ముందు నుంచీ చాలా తక్కువ. పైగా జనవరి 27న ప్రకటించిన యూరప్ ఒప్పందంలో తగ్గింపు ఒకేసారి కాదు, మెట్టు మెట్టుగా, అది కూడా ఏడాదికి రెండున్నర లక్షల కార్ల దాకానే. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందంలోనూ ఇంతే, కోటా లోపలే 10 శాతం. ఇంకోవైపు యూరో 2025లోనే 100 రూపాయలు దాటింది, ఆ పేరు చెప్పి కంపెనీలు రేట్లు పెంచాయి కూడా. ఒక చేత్తో తగ్గింది ఇంకో చేత్తో పెరిగితే మనకు మిగిలేది ఎంత?

అయినా పాత కార్ల బజారు ఈ లెక్కలు చూడదు, వార్త చూస్తుంది. 2025 సెప్టెంబరు 22న పెద్ద కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్నది 40కి తగ్గిన వారంలోనే నా కారుకు అడిగే రేటు లక్ష పడిపోయింది. యూరప్ వార్త వచ్చాక ఒక బ్రోకరు ఫోన్ చేసి తొమ్మిదిన్నర లక్షలకు ఇస్తావా అన్నాడు. నాకు బాధేసింది, నిజం. పదకొండు నెలల్లో దాదాపు నాలుగు లక్షలు. కానీ నేను అమ్మడానికి కొనలేదు కదా. కొనేవాళ్లకైతే ఇది మంచి సమయం, బేరానికి గట్టిగా కూర్చోండి.

పాత కారు ఓనరుకు కారు రేటు కంటే విడిభాగాల రేటు ముఖ్యం. ఈ మాట ఎవరూ చెప్పట్లేదు, నేనైతే గట్టిగా చెప్తాను. సెప్టెంబరులోనే, 28 శాతం జీఎస్టీ ఉన్న విడిభాగాలన్నీ 18కి వచ్చాయి. అది అదే రోజు నుంచి నా జేబులో మిగిలిన డబ్బు. యూరప్ ఒప్పందంలో కూడా నేను చూసిన లైను ఒకటే: విడిభాగాల మీద సుంకం ఐదు నుంచి పదేళ్లలో పూర్తిగా ఎత్తేస్తారని. నా కారుకు అప్పటికి ఇరవై ఏళ్లు వస్తాయేమో, కానీ ఇప్పుడు మూడు నాలుగేళ్ల కారు కొనేవాళ్లకు అది నిజంగా ఉపయోగం.

ఎందుకంత పట్టుదలగా చెప్తున్నానంటే, ఆగస్టులో ముందు సస్పెన్షన్ నుంచి టక్ టక్ అని శబ్దం మొదలైంది. చెన్నైలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్తే మొత్తం మార్చాలని లక్షా 38 వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. ఏ ముక్క పాడైందో చూపించమంటే చూపించలేదు. బండి వెనక్కి తెచ్చుకుని అన్నానగర్ వైపు విడిగా గ్యారేజీ నడిపే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కారు పైకెత్తి, కింద నన్ను నిలబెట్టి, టార్చి వేసి చూపించాడు: రెండు వైపులా చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చీలిపోయాయి, మిగతాదంతా బాగుంది. "అన్నా, ఇది మార్చుకుంటే చాలు, లేనిది ఎందుకు విప్పడం" అన్నాడు. తమిళం కలిపిన ఆ తెలుగు విని ప్రాణం లేచొచ్చింది. ముక్కలు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, బిల్లు 46 వేలు.

ఇప్పటిదాకా టైరు, బుష్‌లు, బ్యాటరీ, రెండు సర్వీసులు, గేర్‌బాక్స్ ఆయిలు కలిపి లక్షా 70 వేలు అయింది. గేర్‌బాక్స్ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని చెప్తారు, నమ్మకండి. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. బ్యాటరీ కూడా అంతే. మన కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీయే ఉంది కానీ ఈ కారులో కొత్త బ్యాటరీ పెట్టగానే సరిపోదు, కారు కంప్యూటరులో నమోదు చేయాలి. లేకపోతే పాతదే అనుకుని చార్జింగు తప్పుగా చేస్తుంది. ఊళ్లో ఆ స్కానరు ఉన్న కుర్రాడు ఒకడు దొరికాడు, 800 తీసుకున్నాడు. కొనేముందు ఇలాంటి ఒక మనిషిని వెతికి పెట్టుకోండి, కారు తర్వాత చూసుకోవచ్చు. చేతిలో 13 ఉంటే 10 లక్షల కారే చూడండి, మిగతా మూడు బ్యాంకులో ఉంచండి.

బ్రోకరుకు ఇవ్వనని చెప్పేశాను. వెనక టైర్లు రెండూ అరిగాయి, ఉగాదికి అమ్మను కొండకు తీసుకెళ్లేలోపు మార్పించాలి.