సముద్రం ఒడ్డున గుర్రపు స్వారీ, క్యాంపింగ్ ట్రిప్ బుక్ చేసే ముందు ఇది చదవండి

మూడు రోజులు, రెండు రాత్రులు, అలల పక్కనే గుర్రం మీద ప్రయాణం, రాత్రి టెంట్లో నిద్ర అని ఫొటోలు చూపించి మాతో డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. నేను, మా తమ్ముడు వెళ్ళాం. రెండో రోజు మధ్యాహ్నానికే ఇద్దరం కాళ్ళీడ్చుకుంటూ నడిచి బయటపడ్డాం. పేరు రాయను, ఎందుకంటే ఇలాంటి ఫొటోలతో ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఒక్కరే కాదు, నాకు జరిగింది ఎవరి దగ్గరైనా జరగొచ్చు.

బుకింగ్ అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మా బరువెంతో అడగలేదు, ముందెప్పుడైనా గుర్రం ఎక్కారా అనీ అడగలేదు. మనిషి బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదని గుర్రాలతో పనిచేసేవాళ్ళు మామూలుగా పాటించే లెక్క, అంటే 350 కిలోల గుర్రమైతే అన్నీ కలిపి 70 కిలోలు. మా బ్యాచ్‌లో వంద కిలోలకు తగ్గని ఒకాయన్ని అన్నిటికంటే చిన్న గుర్రం మీద ఎక్కించారు. ఆయన తప్పేం లేదు, పాపం ఆయనకెలా తెలుస్తుంది? తెలియాల్సింది వాళ్ళకి.

ఆరుగురే ఉంటారన్నారు, పదకొండు మందిమి తేలాం, గుర్రాలేమో ఎనిమిది. "వంతులవారీగా ఎక్కుదాం సార్, సరదాగా ఉంటుంది" అన్నాడు గైడ్. హెల్మెట్లు నాలుగే ఉన్నాయి. నాకిచ్చినదాని గడ్డం పట్టీకి బకిల్ లేదు, ముడేసుకోమన్నారు. లోపల చూస్తే స్పాంజి పక్కన సన్నటి పగులు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా ఇంక పనికిరాదు, మార్చేయాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. నాకిచ్చిన గోధుమ రంగు గుర్రం పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి అణిచిపెట్టి, మెడ తిప్పి కరవబోయింది. "దీనికి పొగరండీ" అని నవ్వేశాడు గైడ్. నేనూ నవ్వాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం ఆగినప్పుడు జీను తీశారు, కింద వేసిన గుడ్డ ఒకచోట అతుక్కుని వెంటనే ఊడి రాలేదు. జూలు అయిపోయేచోట, వీపు మొదట్లో నా అరచేతిలో సగమంత పుండు, చుట్టూ వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి. ఎప్పటినుంచో జీను ఒరుసుకున్నచోటే అలా తెల్ల వెంట్రుకలు మొలుస్తాయట. అంటే ఆ పుండు ఆరోజుది కాదు. పొగరు కాదు, నొప్పి. ఇంక నేను దాన్ని ఎక్కలేదు.

అందుకే చెబుతున్నాను, ఎక్కే ముందు జీను తీయించి వీపు మీద చెయ్యి పెట్టి చూడండి, మొహమాటపడొద్దు. తియ్యనంటే వెనక్కి వచ్చేయండి. మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే ఒకటి రెండు సెకన్లలో సర్దుకోవాలి, మడత అలాగే నిలబడితే దానికి నీళ్ళు సరిపోవడం లేదన్నమాట. మేం వెళ్ళిన దారిలో మంచినీళ్ళు ఎక్కడా లేవు. ఊరికే నిలబడ్డ గుర్రానికే రోజుకి 20 లీటర్లకు పైన కావాలి, ఎండలో ఇసుకలో నడిచేదానికి ఇంకెంత కావాలి? అడిగితే "క్యాంపు దగ్గర తాగుతాయి" అన్నారు. పైగా తడిసి గట్టిపడిన ఇసుక పక్కనే ఉండగా, అడ్డదారని డెక్కలు దిగబడిపోయే పొడి ఇసుకలో నడిపించారు. అలాంటి ఇసుకలో గుర్రం కాళ్ళలో కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు బెణికే ప్రమాదం ఉంది.

మా తమ్ముడి సంగతి తర్వాత తలుచుకుంటే నవ్వొచ్చింది కానీ అప్పుడు మాత్రం గుండె ఆగింది. వాడి గుర్రం మోకాలి లోతు నీళ్ళలో ఆగి ముందుకాలితో నీళ్ళు చరుస్తోంది, అందరూ వీడియోలు తీస్తున్నారు. అలా చరుస్తోందంటే పొర్లబోతోందని అర్థం, వెంటనే తల పైకి లాగి ముందుకు కదిలించాలి. మాకెవరూ చెప్పలేదు. అది మోకాళ్ళు మడిచి జీనుతో సహా కూలబడింది, వీడి పాదం రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే కడియంలోంచి, సమయానికి ఊడొచ్చింది కాబట్టి సరిపోయింది. మడమ లేని చెప్పులు, షూలు వేసుకుని మాత్రం వెళ్ళకండి, పాదం రికాబులోకి జారి ఇరుక్కుంటుంది.

రాత్రి ఏడింటికి టెంట్లు వేశారు, సముద్రానికి దగ్గరగా, ఫొటోలో ఉన్నట్టే. ఎండిన నాచు, పుల్లలు గీతలా పేరుకున్నచోటుకి బాగా కిందికి. అంతకుముందు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయనడానికి ఆ గీతే గుర్తు. పైగా ఆరోజు పౌర్ణమి, అమావాస్య పౌర్ణములప్పుడు సముద్రపు పోటు ఇంకా పైకి వస్తుంది. ఒంటి గంటకి కాళ్ళ దగ్గర చల్లగా తగిలి లేచాను, స్లీపింగ్ బ్యాగు సగం నీళ్ళలో ఉంది. ఉత్త ఇసుకలో దిగ్గొట్టిన మేకులు అప్పటికే ఊడిపోయాయి, టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే గుర్రాలు బెదిరిపోయి తాళ్ళు తెంపుకోబోయాయి. చీకట్లో అందరం సామాన్లు మోసుకుని పైకి పరుగులు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె అడిగితే జీపులో ఉందన్నారు, జీపేమో బయల్దేరినచోటే ఉంది.

డబ్బు వాపసు అడిగితే మేం సంతకం పెట్టిన కాగితంలో "ప్రకృతి వైపరీత్యాలకు బాధ్యత లేదు" అని ఉందట. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు వచ్చే పోటు, రేపు ఏ టైముకి వస్తుందో ఈరోజే పట్టికలో చూసి చెప్పగలిగే పోటు, వైపరీత్యం ఎలా అయింది బాబూ? నెల రోజులు ఫోన్లు చేస్తే చివరికి ఇంకో ట్రిప్‌కి సగం రేటు కూపన్ పంపారు. నేను పుండు ఫొటో, హెల్మెట్ ఫొటో, నీళ్ళలో టెంటు వీడియో జత చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను. మీరు ఎవరితో వెళ్ళినా మొదటి గంటలోనే ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎక్కడ ఆపుతారో, ఆ రాత్రి పోటు ఎన్నింటికో ముందే మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మేం వచ్చేసేటప్పుడు దారిలో బయల్దేరినచోటే ఆగాం. తర్వాతి బ్యాచ్ అప్పటికే దిగింది. మాకంటే ముందే వెనక్కి తెచ్చిన ఆ గోధుమ రంగు గుర్రానికి, అదే గుడ్డ మడత తిప్పి వేసి, మళ్ళీ జీను కడుతున్నారు.