దవడ పంటికి ఏది మేలు: వెండి, సిమెంట్, లైట్ ఫిల్లింగ్?

ఆమదాలవలస నుంచి వచ్చినవాళ్లయినా, నరసన్నపేట నుంచి వచ్చినవాళ్లయినా శ్రీకాకుళంలోని మా క్లినిక్‌లో కుర్చీ ఎక్కగానే అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, లైట్ కొట్టే ఫిల్లింగ్‌కి డబ్బులెక్కువ కదా, అంతకాలం ఉంటుందా?"

వెండి ఫిల్లింగ్ గట్టిదే. వేసేటప్పుడు కాస్త తడి తగిలినా తట్టుకుంటుంది. కానీ అది పంటికి అంటుకోదు, పట్టు దొరకడానికి మంచి పంటిని కూడా చెక్కాలి. పైగా దాని బరువులో దాదాపు సగం పాదరసమే. పాదరసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం, 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందం, దీని వాడకాన్ని తగ్గించమంటోంది. ఇప్పటికే నోట్లో ఉన్న వెండి బాగుంటే మాత్రం తీయించుకోకండి.

సిమెంట్ పంటికి అంటుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. నమిలే చోట త్వరగా అరిగిపోతుంది కాబట్టి పాలపళ్లకు, చిగురు దగ్గర గుంటలకు సరిపోతుంది.

నా మొగ్గు లైట్ ఫిల్లింగ్‌కే, కాకపోతే ఒక షరతు ఉంది. ఆ పేస్టులో గాజు పొడి, దాన్ని పట్టి ఉంచే రెసిన్ ఉంటాయి. ఆ రెసిన్లలో ముఖ్యమైన బిస్-జీఎంఏకి అమెరికా దంత పరిశోధకుడు రాఫెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందారు. సుమారు 470 నానోమీటర్ల నీలి కాంతి పడగానే పేస్టులో ఉండే, కాంతికి స్పందించే క్యాంఫర్‌క్వినోన్ అనే రసాయనం పని మొదలుపెడుతుంది. విడివిడి అణువులు గొలుసులుగా దగ్గరకు చేరతాయి, దాంతో పదార్థం మామూలుగా రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. అసలు చిక్కంతా ఇక్కడే. ఆ లాగుడుకి అంచు కాస్త విడిచిందంటే ఆ సందులో ఉమ్మి, సూక్ష్మజీవులు చేరి ఫిల్లింగ్ కిందే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. ఫిల్లింగ్ పోయేది చాలాసార్లు అరిగి కాదు, ఇలా అంచు దగ్గర.

అందుకే రెండు మిల్లీమీటర్లకు మించని పొరను ఒక గోడకు ఏటవాలుగా అద్ది, లైట్ కొట్టి, తర్వాతి పొర వేస్తాం. లైట్ మొన పంటికి దూరమైనా, పక్కకు ఒరిగినా అడుగు మెత్తగానే ఉండిపోతుంది. పైన మాత్రం గట్టిగా, నిగనిగలాడుతూ కనిపిస్తుంది, పేషెంటుకి తేడా తెలిసే దారే లేదు.

ఒకేసారి నాలుగు మిల్లీమీటర్ల దాకా నింపే బల్క్‌ఫిల్ రకాలు ఇప్పుడున్నాయి. కాంతి లోపలిదాకా వెళ్లేలా, లాగుడు తగ్గేలా వీటిని తయారుచేశారు. ఎక్కువసేపు నోరు తెరవలేని పెద్దవాళ్లకు ఇవి నిజంగా మేలు. లోతైన గుంటకు అడుగున జారుడుగా ఉండే బల్క్‌ఫిల్, పైన మామూలు లైట్ ఫిల్లింగ్ పేస్టు వేయడం నాకిష్టం.

ఇక నా షరతు: పన్ను పొడిగా ఉండాలి. పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ షీటు కడితే విసుక్కోకండి. ఫిల్లింగ్‌ని పంటికి అతికించే బాండింగ్ జిగురు మీద ఉమ్మి పడితే ఎంత ఖరీదైన మెటీరియలైనా నిలవదు. గుంట చిగురు కిందికి దిగి, రక్తం ఆగకపోతే నేను ఆరోజు సిమెంటే పెట్టి పంపిస్తాను.

లైట్ ఫిల్లింగ్‌లో ఇంకో లాభం, చిన్న ముక్క ఊడితే మొత్తం తీయకుండా చాలాసార్లు అక్కడికే అతికించవచ్చు. తిన్నది అక్కడ ఇరుక్కోవడం మొదలవగానే వచ్చేయండి, నొప్పి వచ్చేదాకా ఆగకండి.