పెరటి సాకెట్ పెట్టె: మూడు వానాకాలాల తర్వాత

చెన్నై తిరువాన్మియూర్‌లో సముద్రపు గాలి నేరుగా తగిలే పెరటి గోడకి, దుమ్మూ, నీటి జల్లూ లోపలికి పోనివ్వదనే ఐపీ65 రేటింగు ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో ఈ 16 ఆంపియర్ల సాకెట్ మూడేళ్లుగా ఉంది. దానికి తగిలించేది అర హెచ్‌పీ మోటారు, గడ్డి కోసే మిషను. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఈ పెట్టే కొనమన్నాను. ఇప్పుడూ కొనమనే అంటాను. కాకపోతే అడుగున చిల్లు పెట్టకుండా గోడకి బిగించొద్దని ముందు చెబుతాను.

రెండో ఏడాది నవంబరులో మొదలైంది గొడవ. రాత్రి వాన పడితే చాలు, తెల్లారేసరికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోయి ఉండేది. ప్లగ్గు పీకేసినా నిలబడలేదు, అంటే తప్పు మోటారుది కాదు. మధ్యాహ్నం ఎండ కాశాక మామూలుగా ఎక్కేది. ఎండకి సర్దుకునే లోపం దాదాపు ఎప్పుడూ తేమే. మెయిన్ ఆపి, టెస్టర్‌ని ముందు పనిచేస్తున్న పాయింట్ మీద చూసుకుని, ఆ తర్వాతే పెట్టె విప్పాం. అడుగున చెంచాడు నీళ్లు. ఫేజు టెర్మినల్ ఇత్తడి మీద పచ్చటి చిలుము, అక్కణ్ణుంచి ఎర్తు స్క్రూ దాకా సన్నటి ఉప్పు చార. ఓ మూల చీమల గుడ్లు.

మూత రబ్బరు మాత్రం చెక్కుచెదరలేదు. నీళ్లు పైనుంచి, పైపు వెంట దిగాయి. సన్‌షేడ్ నుంచి దిగిన పీవీసీ పైపుని పెట్టె నెత్తిన దూర్చారు. పై జాయింటు దగ్గర పైపులు అతికించే సొల్యూషన్ సరిగా అంటక, వాననీరు లోపలి వైరు పట్టుకుని జారింది. దానికి తోడు గోడకీ పెట్టెకీ మధ్య నాలుగు వైపులా సిలికాన్ పూసేశారు. పైపు నుంచి దిగింది పోవడానికి దారి లేదు. ఇంకోటి, పగలు ఎండకి పెట్టెలో గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. వాన పడి పెట్టె చల్లబడగానే తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. ఎంత బిగుతుగా మూస్తే అంత మంచిదనుకోవడమే ఇక్కడ పొరపాటు.

బాగుచేసిన తీరు ఇది. పై రంధ్రం మూసేసి, వైరుని పెట్టె కింది నుంచి 20 మి.మీ. గ్లాండ్‌తో (వైరు చుట్టూ బిగుసుకునే బిరడాతో) తెచ్చాం. పైపుని పెట్టెకన్నా కిందికి దింపి, వంచి, మళ్లీ పైకి తీస్తే బొట్టు ఆ వంపులోనే ఆగుతుంది. వంపు అడుగున కూడా చిన్న చిల్లు ఉండాలి. పెట్టెలో అన్నిటికన్నా పల్లమైన చోట, వైర్లకి దూరంగా 5 మి.మీ. చిల్లు పెట్టి, చీమలు దూరకుండా లోపల స్టీలు జాలీ ముక్క వేశాం. సిలికాన్ పైనా రెండు పక్కలా మాత్రమే, కింద వదిలేశాం. చిలుము పట్టిన సాకెట్‌ని రుద్ది వాడకుండా మార్చేశాం. ఆ తర్వాతి వానాకాలమంతా ఆర్‌సీసీబీ ఒక్కసారి కూడా పడలేదు. చిల్లు పెడితే ఐపీ65 అనే మాటా, బహుశా వారంటీ కూడా పోతాయి. కొన్ని పెట్టెల అడుగున ఈ చిల్లు కోసమే పలచగా వదిలిన గుర్తు ఉంటుంది, దొరికితే అలాంటిది తీసుకోండి.

మూతని మొదట్లో తెగ మెచ్చుకున్నాను, అందులో కొంత వెనక్కి తీసుకోవాలి. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు పెడితే అది పూర్తిగా మూసుకోదు. అంటే మోటారు నడిచే అరగంటా ఆ రేటింగు లేనట్టే. వానలో వాడేవాళ్లకి ప్లగ్గు మీద కూడా మూసుకునే లోతు మూత కావాలి.

ఇన్నాళ్లూ కాపాడింది పెట్టె కాదు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడే ఆర్‌సీసీబీ. 100 మిల్లీ ఆంపియర్లది మనిషిని కాపాడటానికి పనికిరాదు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడు చూడదు కాబట్టి, 2.5 చదరపు మి.మీ. రాగి వైరుకి కరెంటు మోతాదు మించితే ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ కూడా ఉండాలి. సాకెట్ న్యూట్రల్ ఆర్‌సీసీబీ గుండానే రావాలి. వేరే గది న్యూట్రల్‌తో కలిస్తే ఊరికే పడుతుంటుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కుతాం, కానీ అది ఎర్తు బాగుందో లేదో చెప్పదు. దాన్ని ఎలక్ట్రీషియన్ మీటరుతో చూడాల్సిందే.

ఎత్తు విషయంలో మాత్రం తృప్తిగా ఉంది. నేలకి నాలుగడుగులు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి చెన్నై మునిగిన తీరు చూసినవాళ్లెవరూ అడుగు ఎత్తులో పెట్టమనరు. సముద్రానికి దూరంగా, సన్‌షేడ్ కిందే సాకెట్ ఉండే ఇళ్లకి ఈ చిలుము బాధ ఇంత ఉండకపోవచ్చు. అక్కడ ఈ పెట్టె ఉన్నది ఉన్నట్టే సరిపోతుందేమో. మా గోడకి మాత్రం ఆ చిల్లు లేకుండా కుదరలేదు.